బుద్ధిమాయ దిదీ చదివిన ఉత్తరాలు

మా మానేడాండా బజారులో సాయంత్రం ఆరయితే కుక్కలు కూడా అరవవని జనం నవ్వుతూ చెప్పుకునేవారు. ఆ వేళకి ప్రతి ఇంట్లోనూ పొయ్యి పక్కన రేడియో మోగేది. అందులోంచి బుద్ధిమాయ దిదీ గొంతు వచ్చేది. "తిన్నారా? తినకపోతే తింటూ వినండి. వింటూ వింటూ అన్నం మాడ్చుకుని రేపు నన్ను తిట్టకండి" అనేది ముందు. ఆ తర్వాత ఉత్తరాలు మొదలుపెట్టేది. మా కొండల్లో ఆవిణ్ణి దిదీ, అంటే అక్కా, అని పిలవనివాళ్లు లేరు. తనకంటే ఇరవై ఏళ్లు పెద్దవాళ్లు కూడా దిదీ అనే అనేవారు.

నా పేరు రమిలా భుజెల్. ఆ రేడియోలో టెక్నీషియన్ని. గాజు అద్దానికి ఇవతల కూర్చుని ఇరవై ఒక్క ఏళ్లు ఆవిడ ముఖం చూస్తూ మీటలు తిప్పాను. ఆవిడ గురించి చెప్పడానికి నాకంటే అర్హులు ఉన్నారేమో గానీ, ఆవిడతో గడిపిన సాయంత్రాలు నాకున్నన్ని ఇంకెవరికీ లేవు.

ఆవిడ రేడియోకి రావడానికి కారణం ఒక గేదె. అప్పటికింకా మా కొండల్లోకి మొబైల్ ఫోన్లు రాలేదు. మా స్టేషను కొత్తగా పెట్టారు. రెండు గదులు, పైన కొండకొమ్ము మీద ఒక స్తంభం, దాని కింద ట్రాన్స్‌మిటర్ పెట్టిన రేకుల పాక. అంతే. మేనేజరు డంబర్ ఘలే. మేమంతా డంబర్ దాయి, అంటే డంబర్ అన్న, అనేవాళ్లం. తామాంగుల భాషలో మాట్లాడే మనిషి కోసం ఆయన నెల రోజులుగా వెతుకుతున్నాడు. చదువుకున్న పిల్లలు వచ్చి పుస్తకం ఒప్పజెప్పినట్టు మాట్లాడిపోతున్నారు. ఒకరోజు పొద్దున్నే ఆయన వాకిట్లో పళ్లు తోముకుంటుంటే లోయ అవతలి నుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"ఓ మైలా! నీ గేదె ఈనిందిరో! పెయ్యదూడ! నీ పెళ్లాం జున్ను దాచిందట, తొందరగా రా! ఆలస్యం చేస్తే నేను తినేస్తా!"

అవతలి కొండ మీద ఉన్న ఊరికి నడిచి వెళ్లాలంటే దిగడానికి గంటన్నర, ఎక్కడానికి గంటన్నర. ఆ మాట మాత్రం ఒక్క ఊపిరిలో వచ్చి పడింది. డంబర్ దాయి నోట్లో నురగతోనే పక్కింటాయన్ని అడిగాడు.

"ఎవరిదయ్యా ఆ గొంతు?"

"టీకొట్టు బుద్ధిమాయది. ఆవిడ దగ్గినా ఇక్కడివాళ్లు పసుపు పాలు కాస్తారు."

ఆయన ఆ రోజే కొండ దిగి ఎక్కాడు. బుద్ధిమాయ అప్పటికి నలభై దాటిన మనిషి. పిల్లలు లేరు. భర్త బరువులు మోసే పనిలో ఉంటూ జ్వరం తగిలి పోయాడు. తర్వాత తొమ్మిదేళ్లు ఆవిడే అదే దారిన బరువులు మోసింది. నడుము మొరాయించాక దారి పక్కన టీకొట్టు పెట్టుకుంది. లోయ అవతలికి కబురు అందించాల్సినవాళ్లంతా ఆవిడ దగ్గరికే వచ్చేవారు. టీ తాగి, కబురు చెప్పి వెళ్లేవారు. ఆవిడ అరిచేది.

"ఎంతవరకు చదివారు?" అని డంబర్ దాయి అడిగితే, "అయిదు" అందట ఆవిడ, గ్లాసులు కడుగుతూ, తల ఎత్తకుండా.

మొదటి రోజు మైకు ముందు కూర్చోగానే ఆవిడ అలవాటు ప్రకారం అవతలి కొండకి వినిపించేలా ఒక్క కేక పెట్టింది. నా చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి విసిరేశాను. మైకు జానెడు వెనక్కి జరిపాను. మళ్లీ కేక. మూరెడు జరిపాను. చివరికి ఆవిడ ఒక మూల, మైకు ఇంకో మూల అయింది. డంబర్ దాయి నెత్తి పట్టుకున్నాడు. నేను లోపలికి వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"దిదీ, ఎదురు కొండకి చెప్పకు. పొయ్యికి అవతల కూర్చున్న మనిషికి చెప్పు."

ఆవిడ కుర్చీ మైకు దగ్గరికి లాక్కుంది. "ఆ మనిషి తిన్నాడా?" అని అడిగింది.

"ఏమో దిదీ, నువ్వే అడుగు."

అలా పుట్టిన మాటే ఆ "తిన్నారా?"

కార్యక్రమం పేరుకి పాటలు, ఉత్తరాలు. పాటలు తగ్గాయి, ఉత్తరాలు పెరిగాయి. ఊరికీ ఊరికీ మధ్య పోస్టు వారానికి ఒకసారి నడిస్తే గొప్ప. మా స్టేషను గుమ్మానికి వేలాడదీసిన చెక్కపెట్టెలో బజారుకి వచ్చినవాళ్లు కాగితాలు వేసి పోయేవారు. సాయంత్రానికి అవి కొండలన్నీ దాటేవి. "అక్కా, నువ్విచ్చిన మేక రెండు పిల్లల్ని పెట్టింది. ఒకదానికి నీ పేరు పెట్టాను, కోప్పడకు." "సంతలో నా గొడుగు ఎవరో పొరపాటున తీసుకెళ్లారు, నా దగ్గర వాళ్ల గొడుగు ఉంది, నాదే మంచిది, తెచ్చివ్వండి." "అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చేసింది. తనే లేచి పళ్లెం కడుగుతోంది." ఆవిడ ఇవి చదువుతుంటే రాసినవాళ్లు గుమ్మంలోకి వచ్చి నిలబడి చెబుతున్నట్టుండేది.

మూడో నెలలో అనుకుంటాను. ఒక సాయంత్రం ఆవిడ ఒక ఉత్తరాన్ని చక్కగా చదువుతోంది. పుట్టింటికి రాలేకపోయిన ఒక పిల్ల తండ్రికి రాసిన ఉత్తరం. నా కళ్లలో కూడా నీళ్లు తిరుగుతున్నాయి. తల ఎత్తి అద్దంలోంచి చూస్తే ఆవిడ చేతిలో ఉన్నది కరెంటు ఆఫీసువాళ్లు పంపిన నోటీసు. దాని మీద ఎర్రముద్ర నాకు స్పష్టంగా కనిపిస్తోంది. అసలు ఉత్తరం నా బల్ల మీదే ఉండిపోయింది. నోటీసులో చూపు అటూ ఇటూ కదుపుతూ, ఆ పిల్ల రాసిన ప్రతి మాటా పొల్లుపోకుండా చెబుతోంది ఆవిడ.

కార్యక్రమం అయ్యాక నేను నోటీసు, ఉత్తరం రెండూ పక్కపక్కన పెట్టాను. ఆవిడకి అర్థమైపోయింది.

"డంబర్‌కి చెప్పేస్తావా బహినీ?" అంది, చెల్లెల్ని పిలిచినట్టు.

"అయిదు చదివానన్నావు కదా దిదీ!"

"నోరు తిరిగిన అంకె చెప్పాను." చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "బడికి పోయాను. పోలేదని కాదు. తొమ్మిది రోజులు పోయాను. పదో రోజు పొద్దున మా తమ్ముడు పుట్టాడు. అమ్మ పొలానికి పోవాలి. వాణ్ణి నా వీపుకి కట్టింది. మళ్లీ విప్పేసరికి నాకు పెళ్లీడు వచ్చింది."

ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చిందో అప్పుడు తెలిసింది. మధ్యాహ్నం డంబర్ దాయి ఉత్తరాలు పైకి చదివి ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో చెప్పేవాడు. ఆ ఒక్కసారి వినడంతోనే ఆవిడకి మొత్తం కంఠతా వచ్చేసేది. పన్నెండు ఉత్తరాలు, వరసతో సహా.

నేను డంబర్ దాయికి చెప్పలేదు. ఆ మర్నాటి నుంచి రోజూ మూడు గంటలకి, పాడైపోయిన బ్యాటరీలు పేర్చిన కొట్టుగదిలో మేమిద్దరం కూర్చునేవాళ్లం. నేను మెల్లగా చదివేదాన్ని. ఆవిడ వేయించిన మొక్కజొన్నలు, సోయాగింజలు ఒడిలో పోసుకుని నములుతూ, కళ్లు మూసుకుని వినేది. అలా ఏడేళ్లు గడిచాయి. ఒక్క పేరు తప్పు పలికిన గుర్తు లేదు నాకు.

తప్పు పట్టినవాడు ఒక్కడే ఉన్నాడు. ధరణీధర్ పౌడ్యాల్. పెద్ద బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. మా స్టేషనుకి కిందుగా మెట్లదారి పక్కనే ఇల్లు. నెలకొక ఉత్తరం రాసేవాడు, గుండ్రటి అక్షరాలతో, ఎక్కడా కొట్టివేత లేకుండా. "శ్రీమతి బుద్ధిమాయ తామాంగ్ ఉత్తరాలలో లేని విషయాలను చేర్చి చదువుచున్నారు. నిన్నటి ఉత్తరమును రాసిన వ్యక్తి దగ్గుచూ రాసినట్లు ఆమెకెట్లు తెలియును? ఉత్తరమనగా ఉత్తరమే."

నేను చదివి వినిపిస్తే ఆవిడ పడీ పడీ నవ్వేది. ఆ సాయంత్రం దాన్ని కూడా రేడియోలో చెప్పేసేది. "హెడ్‌సార్‌కి కోపం వచ్చింది. తప్పు నాదే. కానీ సార్, ఆ ముసలాయన నిజంగానే దగ్గుతున్నాడు. ఉత్తరం పెట్టెలో వేయడానికి వచ్చినప్పుడు విన్నాను. మీరు కూడా చలిలో తిరక్కండి."

ఏడేళ్లు నిండిన ఆ శ్రావణంలో వాన పన్నెండు రోజులు తెరిపివ్వలేదు. పదమూడో రోజు పొద్దున ఘట్టేగావ్ మీద కొండ విరిగిపడింది. మాకు పై లోయలో, ఒక రోజు నడక దూరంలో ఉన్న ఊరు. దిదీ పుట్టిన ఊరు. ఆవిడ తమ్ముడు ఐతమాన్ అక్కడే ఉంటాడు. ఆవిణ్ణి బడి మాన్పించి అమ్మ ఆవిడ వీపుకి కట్టిన ఆ పసివాడే.

ఆ ఊరివాళ్ల చుట్టాలు ఈ కొండలన్నిటా ఉన్నారు. దారులు తెగిపోయాయి. ఎవరు బతికారో, ఎవరు మట్టి కింద ఉన్నారో తెలియదు. డంబర్ దాయి టేప్‌రికార్డరు సంచిలో వేసుకుని అటు నడిచి వెళ్లాడు. కరెంటు పోయి రెండు రోజులైంది. స్టూడియోలో బ్యాటరీలతో నడుపుతున్నాం. పైన ట్రాన్స్‌మిటర్ని జనరేటర్ మీద నడపాలి. దాని ఆయిలు గొట్టం పగిలింది. గుడ్డ చుట్టి, దాన్ని చేత్తో గట్టిగా పట్టుకుంటే గానీ జనరేటర్ నడవడం లేదు. నేను పొద్దుటి నుంచి ఆ రేకుల పాకలో గొట్టం పట్టుకుని కూర్చున్నాను. పక్కనే చిన్న రేడియో పెట్టుకున్నాను. స్టూడియోలో దిదీ ఒక్కతే.

సాయంత్రం నాలుగింటికి ఒక పాట వస్తోంది. పాట అయిపోయింది. మామూలుగా వెంటనే వచ్చే గొంతు రాలేదు. తీగె తెగిందేమో అనుకున్నాను. అప్పుడు ఊపిరి వినిపించింది. తర్వాత మాట.

"నేను బుద్ధిమాయని. ఒక మాట చెప్పాలి, వినండి. పోలీసులు తెగిన దారుల మీదుగా నడిచి తెచ్చిన కాగితం ఒకటి ఇప్పుడే వాళ్ల జీపు వచ్చి ఇచ్చి వెళ్లింది. ఘట్టేగావ్‌లో క్షేమంగా బయటపడి బడిలో ఉన్నవాళ్ల పేర్లు ఇందులో ఉన్నాయన్నాడు డ్రైవరు. వెంటనే చదవమన్నాడు. కాగితం నిండా ఉన్నాయి పేర్లు. రెండో పక్క కూడా ఉన్నాయి. మీరంతా వీటి కోసమే రెండు రోజులుగా రేడియో ముందు కూర్చున్నారని నాకు తెలుసు."

వాన చప్పుడు రేడియోలోంచి కూడా వినిపిస్తోంది.

"నాకు చదవడం రాదు. అక్షరం ముక్క రాదు. ఏడేళ్లుగా మీ ఉత్తరాలు వేరేవాళ్లు చదివి పెడితే గుర్తు పెట్టుకుని చెబుతున్నాను. మీకు అబద్ధం చెప్పాను. ఇవాళ చదివి పెట్టే మనిషి కొండ మీద ఉంది, రాలేదు. నన్ను తర్వాత తిట్టుకోండి. ఇప్పుడు మాత్రం, స్టేషనుకి దగ్గర్లో చదువొచ్చినవాళ్లు ఎవరున్నా లేచి పరిగెత్తుకుని రండి. తలుపు తీసే ఉంది. మీరొచ్చేదాకా నేను మాట్లాడుతూనే ఉంటాను. రేడియో కట్టేయకండి. నా తమ్ముడు కూడా ఆ ఊళ్లోనే ఉన్నాడు. వాడి పేరు ఈ కాగితంలో ఉందో లేదో నాకు తెలియడం లేదు."

నేను గొట్టం వదిలేసి పరిగెత్తాలనుకున్నాను. వదిలితే రేడియో ఆగిపోతుంది. నా జన్మలో అంత గట్టిగా దేన్నీ పట్టుకోలేదు. ఏడుస్తూ పట్టుకుని కూర్చున్నాను.

ఆవిడ మాట్లాడుతూనే ఉంది. పొయ్యి ఆరిపోతే కట్టె వేసుకోండి అంది. పసివాళ్లకి ఏమైనా పెట్టండి అంది. తర్వాత కుర్చీ లాగిన చప్పుడు. ఎవరో ఆయాసపడుతున్నారు. పెద్ద మనిషి ఆయాసం.

"ఇటివ్వండి."

ఆ గొంతు నాకు తెలుసు. ఎప్పుడూ విన్నది తక్కువే గానీ, అలా మాట్లాడే మనిషి మా బజారులో ఒక్కడే. హెడ్‌సార్. మోకాళ్లు పనిచేయని ఆయన ఆ వానలో గొడుగు కూడా లేకుండా నూటపది మెట్లు ఎక్కాడని తర్వాత తెలిసింది. ఆయన వెనక నర్సు, దర్జీ, ఇంకా పదిమంది వచ్చారట. ఆయనే ముందు వచ్చాడు.

ఆయన పేరు చదివేవాడు, ఆవిడ అదే పేరు తన గొంతుతో చెప్పేది. ఆయన తడబడ్డ తామాంగ్ పేర్లు ఆవిడ సరిచేసేది. "ఫలానావాళ్ల కోడలు" అని, "మిల్లు పక్కింటివాళ్లు" అని కాగితంలో లేని గుర్తులు చేర్చేది. ఉత్తరమనగా ఉత్తరమే అన్న మనిషి ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు. అరవై నాలుగు పేర్లు. నలభై ఒకటో పేరు దగ్గర హెడ్‌సార్ ఒక్క క్షణం ఆగి, "ఐతమాన్ తామాంగ్" అన్నాడు. "ఐతమాన్ తామాంగ్" అంది ఆవిడ, అదే గొంతుతో, ముందు పేర్లు ఎలా చెప్పిందో అలాగే. "తర్వాతి పేరు చెప్పండి సార్" అంది.

మొత్తం రెండుసార్లు చదివారు. ఆ రోజు మా కొండల్లో ఏ ఇంట్లో ఏ పేరు దగ్గర కేకలు పెట్టి ఏడ్చారో, నవ్వారో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కాగితంలో లేనివాళ్లు నలుగురు. వాళ్ల కోసం కూడా కొండలన్నీ ఏడ్చాయి.

చీకటి పడే ముందు దర్జీ పైకి వచ్చి గొట్టం పట్టుకుంటే నేను దిగి వచ్చాను. దిదీ వరండాలో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి అంది.

"ఆ డ్రైవర్ని అడగలేకపోయాను బహినీ. 'కాస్త చదివి పెట్టు బాబూ' అనలేకపోయాను. అంతమంది ప్రాణాల కబురు చేతిలో పెట్టుకుని నాకు సిగ్గేసింది. అతను వెళ్లిపోయాక, పాట అయిపోతుంటే, ఇంక సిగ్గుపడటానికి టైం లేదనిపించింది."

ఆ రాత్రే స్టేషనులో ఉన్న తన గుడ్డలు మూటగట్టుకుంది. ఉద్యోగం ఉండదని నాకూ అనిపించింది. నాదీ ఉండదు. రెండు రోజులకి డంబర్ దాయి మోకాళ్లదాకా బురదతో వచ్చాడు. ఆయన ఆ మాటలన్నీ ఘట్టేగావ్ బళ్లోనే, ఎవరిదో రేడియోలో, ఆ అరవై నలుగురి మధ్య కూర్చుని విన్నాడు. తన పేరు గాలిలో వినపడగానే ఒక ముసలమ్మ లేచి నిలబడి "ఉన్నాను తల్లీ" అందట.

దిదీ మూట చంకలో పెట్టుకుని నిలబడింది.

"అయిదు చదివానన్నావు" అన్నాడు డంబర్ దాయి.

"అయిదు కాదు దాయీ, తొమ్మిది" అంది ఆవిడ. "రోజులు."

ఆయన నవ్వలేక, కోప్పడలేక గుమ్మంలోనే కూలబడ్డాడు. తర్వాత మూట వైపు చూసి, "అది లోపల పెట్టు. ఆరవుతోంది" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి జనం రావడం మొదలైంది. తిట్టడానికేమో అనుకుని దిదీ కొట్టుగదిలో దాక్కుంది. గుడ్లు, ఎండబెట్టిన ఆకుకూర, బంగాళాదుంపలు తెచ్చారు. ఒకావిడ నాలుగు గంటలు నడిచి వచ్చింది. చేతిలో ఏమీ లేదు. దిదీ చెయ్యి పట్టుకుని చెవిలో చెప్పినట్టు చెప్పింది, మేమందరం వింటుండగానే. "నాకూ రాదు దిదీ. కోడలికి తెలీదు. పేపరు చూస్తున్నట్టు కూర్చుంటాను. నీకు కూడా రాదంటే నాకు ప్రాణం లేచొచ్చింది." ఆ వారంలో అలాంటివాళ్లు ఎంతమంది వచ్చారో లెక్కపెట్టడం మానేశాం.

వారం తిరిగేసరికి తమ్ముడు ఐతమాన్ వచ్చాడు. తలకి కట్టు.

"నేను పుట్టకపోతే నువ్వు చదువుకునేదానివట కదా దిదీ. బళ్లో మన ఊరి పెద్దలంతా ఆ సంగతి గుర్తుచేసి నన్నే తిడుతున్నారు."

"నువ్వు పుట్టకపోతే మేకల్ని కాయమనేవాళ్లురా" అంది ఆవిడ. "మేకలకంటే నువ్వే తేలిక. కరిచేవాడివి కాదు." అప్పుడు వాణ్ణి పట్టుకుని ఏడ్చింది.

తర్వాతి సోమవారం పొద్దున ఏడింటికి హెడ్‌సార్ చంకలో పలక పెట్టుకుని స్టేషనుకి వచ్చాడు. డంబర్ దాయితో ఏం మాట్లాడాడో తెలియదు. దిదీని పిలిచి మైకు ముందు కూర్చోబెట్టాడు. తను ఎదురుగా కూర్చున్నాడు.

"మైకు కట్టేయండి సార్" అంది ఆవిడ కంగారుగా.

"ఎందుకు? ఒక్కరికి చెప్పడానికి నేను నూటపది మెట్లు ఎక్కలేదు. వినేవాళ్లంతా బొగ్గుముక్క తీసుకోండి. ఇవాళ్టి అక్షరం క."

అలా మొదలైంది. రోజుకి పది నిమిషాలు. మా నాగరి లిపి అక్షరాన్ని రేడియోలో ఎలా చూపిస్తారని నేను అనుకున్నాను. ఆ పని దిదీ చేసింది. "నిటారుగా ఒక మనిషిని గీయండి. వీపు మీద గుండ్రంగా బుట్ట. ముందు చేతిలో వంకర కర్ర. బరువు మోసుకుంటూ కొండెక్కుతున్నాడు. అదే క. నేను తొమ్మిదేళ్లు అలాగే ఉన్నాను, ఎవరూ చెప్పలేదు నేను అక్షరాన్నని."

హెడ్‌సార్ వదిలేవాడు కాదు. "తప్పు. మళ్లీ."

"సార్, పొద్దున్నే తిట్టకండి, ఊరంతా వింటోంది."

"ఊరంతా అదే తప్పు చేస్తోంది. అందుకే తిడుతున్నాను."

ఆ ఏడాది మా కొండల్లో గోడలన్నీ బొగ్గు గీతలతో నల్లబడ్డాయి. పొయ్యి ముందు బూడిదలో, పొలంలో తడిమట్టి మీద, పిండి జల్లెడలో ఆడవాళ్లు అక్షరాలు దిద్దారు. మా అమ్మ కూడా. నేను రేడియోలో పనిచేస్తూ, ఊరందరి ఉత్తరాలు చదువుతూ, మా అమ్మకి చదువు రాదన్న సంగతి గురించి ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. ఒక ఉదయం ఇంటికి వెళ్తే తలుపు మీద బొగ్గుతో నా పేరు రాసి ఉంది. రమిలలో ర తలకిందులుగా ఉంది. ఆ తలుపుకి ఇప్పటికీ రంగు వేయనివ్వలేదు నేను.

పద్నాలుగు నెలల తర్వాత చెక్కపెట్టెలో ఒక కాగితం వచ్చింది. ఎలుక పిల్లలు నడిచినట్టున్న అక్షరాలు. నేను మూడింటికి కొట్టుగదిలో దాన్ని చదవబోతే దిదీ నా చెయ్యి పట్టుకుంది. "ఇది ఉంచు. నేను చదువుతాను, అక్కడే."

ఆ సాయంత్రం ఆవిడ మొదటిసారి కాగితం చూసి చదివింది. నాలుగు వాక్యాలు. పదకొండు నిమిషాలు పట్టింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, ఆగుతూ, వెనక్కి వెళ్లి మళ్లీ వస్తూ చదివింది. ఒక మాట దగ్గర మొత్తం రెండు నిమిషాలు నిలిచిపోయింది. హెడ్‌సార్ నా పక్కనే కూర్చున్నాడు. పెదాలు బిగపట్టి, పిడికిలి బిగపట్టి, చెప్పేయాలన్న ఆత్రం ఆపుకుంటూ. రేడియోలో అంతంత నిశ్శబ్దం ఉండకూడదు. నేను పాట వేయలేదు. ఒక్కరూ రేడియో కట్టేయలేదని తర్వాత అన్ని ఊళ్లూ చెప్పాయి.

ఉత్తరం ఇదీ. "దిదీ, నేను ఘట్టేగావ్ చిన్న కోడల్ని. ఇది నేనే రాశాను. మా ఆయన నమ్మడం లేదు. నువ్వు చదివితే నమ్ముతాడు."

చదవడం అయ్యాక ఆవిడ కాగితం మడిచి, "నమ్మవయ్యా" అంది. "ఇంత చండాలమైన చేతిరాత ఇంకెవరు రాస్తారు?" అద్దానికి ఇవతల హెడ్‌సార్ కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత పదమూడేళ్లు దిదీ తనే చదివింది. ఎప్పటికీ వేగంగా చదవలేకపోయింది. ఆ నెమ్మదే జనానికి అలవాటైంది. మొబైల్ ఫోన్లు వచ్చాయి. ఇంక ఉత్తరాలెవరు రాస్తారని అన్నారు. కొత్తగా చదువు వచ్చినవాళ్లు రాశారు. ఫోనులో చెప్పుకోలేని సంగతులు రాశారు. హెడ్‌సార్ చివరి రోజుల్లో మంచంలోంచి కూడా తప్పులు పట్టి పంపేవాడు. ఆయన పోయిన రోజు దిదీ క నుంచి చివరి అక్షరం దాకా ఒక్కొక్కటే, నిదానంగా, తప్పు లేకుండా చెప్పింది. వింటున్నవాళ్లంతా తమ తమ ఇళ్లలో వెంట పలికారట. మా అమ్మ పలికింది, నాకు తెలుసు.

మొన్న మాఘంలో ఆవిడ గొంతు బొంగురుపోయింది. ఇక విశ్రాంతి ఇవ్వాలని డాక్టరు చెప్పాడు. వీడ్కోలు సభ వద్దంది. మేము సభ పెట్టలేదు. జనం వాళ్లంతట వాళ్లే వచ్చారు. మెట్లదారి కిందిదాకా నిండిపోయారు. మెడలో వేసిన తెల్లటి కండువాలు పేరుకుపోయి ఆవిడ గడ్డం కనిపించలేదు.

చివరి కార్యక్రమంలో ఆవిడ చెప్పింది ఇదే. "మీ రేడియోల్లో బ్యాటరీలు అయిపోతే ఎండలో పెట్టుకుని, వేడెక్కాక మళ్లీ వేసుకుని, ఇంకో పూట నన్ను విన్నారు. మీ ఇళ్ల చూరు మీద వరసగా బ్యాటరీలు ఎండుతుంటే చూశాను నేను, దారిన పోతూ. ఏం ఉంది నా దగ్గర, అంత కష్టపడి వినడానికి? మీ మాటలే మీకు చెప్పాను. అయినా విన్నారు. మీ అందరికీ దండం. తినండి. చల్లారిపోతుంది."

ఇప్పుడు ఆవిడ లోయ అవతల తన పాత ఇంట్లోనే ఉంటోంది. ఐతమాన్ కూతురు కట్టుకున్న ఇల్లు పక్కనే ఉంది. పోయిన వారం నేను వెళ్లాను. సాయంత్రం అయిదున్నరకి చేరాను. వాకిట్లో చాప వేసి, ఉడకబెట్టిన దుంపలు, ఉప్పు కారం పెట్టింది. పక్కింటి కోళ్లు గూటికి పోతున్నాయి. కొండల మీద పొగ లేస్తోంది. ఆరయింది. లోపల రేడియోలో కొత్తమ్మాయి గొంతు మొదలైంది, కొంచెం కంగారుగా, కొంచెం వేగంగా.

"పిల్ల బాగానే చదువుతోంది" అంది దిదీ, బొంగురు గొంతుతో. దుంప తొక్క తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు రావట్లేదని బెంగగా లేదా దిదీ?" అని అడిగాను.

ఆవిడ వాకిలి చుట్టూ చూసింది. ఎండ చివరి ముక్క గుమ్మం మీదికి వచ్చి ఆగింది.

"ఇరవై ఒక్క ఏళ్లు ఈ వేళకి నా ఇల్లు ఎలా ఉంటుందో నేను చూడలేదు బహినీ" అంది. "ఎంత బాగుంటుందో చూడు."

ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.